కీళ్లవాతానికి ఫోన్‌లో వైద్యం: కాల్‌కి ముందు, కాల్‌లో, తర్వాత ఇంట్లో చేయాల్సిన పనులు

అమ్మకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) అని తేలి తొమ్మిదేళ్లయింది. మేముండేది మార్కాపురం దగ్గర ఒక ఊళ్లో. ఆమెని చూసే రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు, హైదరాబాద్‌లో ఉంటారు. రాత్రంతా బస్సు, తెల్లారి బిగుసుకుపోయిన మోకాళ్లతో బస్సు మెట్లు దిగడం, ల్యాబ్ దగ్గర ఒక లైను, డాక్టరు గది ముందు ఇంకో లైను, మళ్లీ రాత్రికి బస్సు. పది నిమిషాలు చూపించుకోవడానికి రెండు రాత్రులు, ఒక పగలు పోయేవి. ఇంటికొచ్చాక అమ్మ నాలుగు రోజులు మంచం దిగేది కాదు. దాంతో నెలకోసారి వెళ్లాల్సింది మూడు నెలలకీ, ఆరు నెలలకీ జరిగిపోయింది. అలా జరిగిన నెలల్లోనే ఆమె కుడిచేతి వేళ్లు రెండు పక్కకి ఒరిగాయి. అవి ఇక తిరిగి రావు.

ఈ జబ్బుకి మందు ఎంత ముఖ్యమో, ఆ మందు పనిచేస్తోందా లేదా అని తరచుగా చూడటం అంత ముఖ్యం. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు ఒకటి నుంచి మూడు నెలల్లోపు ఒకసారి డాక్టరు చూడాలి. మూడు నెలలకి మెరుగు కనపడకపోయినా, ఆరు నెలలకి జబ్బు అదుపులోకి రాకపోయినా మందు మార్చాలి. యూరప్ రుమటాలజీ సంఘం యూలార్ సలహాల్లోనూ ఇదే ఉంది. ఇదే సంఘం 2022లో దూరం నుంచి వైద్యం ఎలా చేయాలో కూడా సూచనలు ఇచ్చింది. నేరుగా చూపించుకోవడాన్నీ ఫోన్‌లో చూపించుకోవడాన్నీ రోగి అవసరాన్ని బట్టి కలిపి వాడుకోవాలన్నది అందులోని సారం. మా ఇంట్లో కుదిరింది కూడా అదే. ఆరు నెలలకోసారి హైదరాబాద్ వెళ్తాం, మధ్యలో నెలకో రెండు నెలలకో వీడియో కాల్.

మా మొదటి వీడియో కాల్ మాత్రం పూర్తిగా వృథా అయింది. డాక్టరమ్మ "ఎలా ఉన్నారమ్మా?" అనగానే అమ్మ "బానే ఉన్నానమ్మా, పర్లేదు" అంది. ముందురోజు రాత్రి నొప్పికి నిద్రపోని మనిషి. ఏ మందు వేసుకుంటున్నారంటే మాత్రల కోసం బీరువా దగ్గరికి పరిగెత్తాను. వేళ్లు చూపించమంటే వెనక కిటికీ వెలుగు పడి నల్లటి నీడ తప్ప ఏమీ కనపడలేదు. ఏడు నిమిషాల్లో కాల్ అయిపోయింది. ఆ రోజు నాకో సంగతి తెలిసింది. డాక్టరు తన చేత్తో నొక్కి, తాకి, కళ్లతో చూసి తెలుసుకునేదంతా ఫోన్‌లో అయితే ఇంట్లోవాళ్లం చూసి చెప్పాలి. ఆ పని కాల్‌కి వారం ముందే మొదలవ్వాలి. అది ఎలా చేయాలో వరసగా చెప్తాను.

మొదటిసారి నేరుగానే వెళ్లండి

జబ్బేంటో తేలడానికి ఫోన్ మీద ఆధారపడొద్దు. కీళ్ల నొప్పులు పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. వయసుతో వచ్చే మోకాళ్ల అరుగుదల వేరు, రుమటాయిడ్ వేరు. చికున్‌గున్యా తగ్గాక కూడా కొందరికి నెలల తరబడి కీళ్లు వాచి నొప్పులుంటాయి. థైరాయిడ్, విటమిన్ డి లోపం కూడా ఒళ్లంతా పీకేలా చేస్తాయి. నల్గొండ, ప్రకాశం లాంటి ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతాల్లో నడుము, మెడ బిగిసిపోతే ఫ్లోరోసిస్ కూడా కావచ్చు. ఆర్ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన కీళ్లవాతం ఉన్నట్టు కాదు, నెగెటివ్ వస్తే లేనట్టూ కాదు. ఆ రిపోర్టు ఒక్కటే వాట్సాప్‌లో పెట్టి మందు రాయమని అడిగేవాళ్లని చాలామందిని చూశాను. దయచేసి అలా చేయకండి. ఒక్కసారి డాక్టరు చేతులు ఆ కీళ్ల మీద పడాలి.

ఆ మొదటి విజిట్‌లోనే "మధ్యలో వీడియోలో చూస్తారా? ఎన్నాళ్లకోసారి? ఏం పరీక్షలు చేయించి పంపాలి? అర్జంటైతే ఎవరికి ఫోన్ చేయాలి?" అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకుని రండి. ఎత్తు, బరువు, బీపీ కూడా రాయించుకోండి. కొన్ని మందుల మోతాదు బరువును బట్టే ఉంటుంది.

నిబంధనలు కొంచెం తెలిసి ఉండాలి. మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. వాటి ప్రకారం ఒక జబ్బుకి నేరుగా చూపించుకున్న ఆరు నెలల్లోపు అదే జబ్బుకి అదే డాక్టరుని ఫోన్‌లో సంప్రదిస్తే దాన్ని ఫాలో-అప్‌గా లెక్కిస్తారు. ఫాలో-అప్‌లో డాక్టరు రాయగలిగే మందులు ఎక్కువ. కొత్త రోగికి రాయగలిగేవి తక్కువ. మా ఆరు నెలల లెక్క అలా కుదిరింది. మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవి మాత్రం ఫోన్‌లో అసలు రాయకూడదు. ట్రమడాల్ కూడా ఆ చట్టం కిందిదే. అందుకే "ఆ నొప్పి మాత్ర రాయండి" అంటే డాక్టరు కుదరదన్నప్పుడు కోపం తెచ్చుకోకండి. ఫోన్‌లో తేలేది కాదు, రమ్మని చెప్పే అధికారం కూడా ఎప్పుడూ డాక్టరుకి ఉంటుంది.

ఫోన్ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజులు

ఇది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. మా ఇంట్లో అలాగే ఉంది.

ఒక్క కీలు హఠాత్తుగా వాచి, ఎర్రబడి, కాలిపోతూ, జ్వరం కూడా ఉంటే ఆ కీల్లో చీము పట్టి ఉండొచ్చు. గంటలు లెక్కపెట్టాల్సిన పరిస్థితి అది. వీడియో అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. కాళ్లు ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూత్రం తెలియకుండా పోతున్నా, అస్సలు రాకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఏళ్ల తరబడి రుమటాయిడ్ ఉన్నవాళ్లకి మెడనొప్పితో పాటు చేతులు తిమ్మిరెక్కి బలం తగ్గితే మెడ ఎముకలు జారి ఉండొచ్చు. అలాంటప్పుడు మెడకి మసాజ్ చేయించడం, విరిపించడం చాలా ప్రమాదం. కన్ను ఎర్రబడి నొప్పి పుడుతూ చూపు మసకబారితే అదే రోజు కంటి డాక్టరు చూడాలి. నల్లటి విరేచనం, ఆయాసం, ఆగని పొడిదగ్గు, లూపస్ (ఒంటి రక్షణశక్తే ఒంటి మీద తిరగబడే జబ్బు) ఉన్నవాళ్లకి మొహం వాపు, నురగ మూత్రం, స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) ఉన్నవాళ్లకి వేలి చివర నల్లబడటం, ఇవేవీ కాల్ దాకా ఆగేవి కావు. వ్యాధి నిరోధకశక్తిని తగ్గించే మందులు, బయోలాజిక్ ఇంజెక్షన్లు (జీవకణాల నుంచి తయారుచేసే మందులు) వాడుతున్నవాళ్లకి జ్వరం వస్తే దాన్ని మామూలు జ్వరం అనుకోవద్దు. బండి దొరక్కపోతే 108కి చేయండి.

వారం ముందు: నోట్‌బుక్ తీయండి

నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. ఇరవై రూపాయల నోట్‌బుక్ చాలు. యాప్‌లు కూడా ఉన్నాయి గానీ అమ్మ తన చేత్తో రాసుకుంటేనే రోజూ జరుగుతుంది. ఆ చేతిరాత కూడా ఒక పరీక్షే. వేళ్లు వాచిన వారం ఆమె అక్షరాలు వంకర్లు పోతాయి, పేజీ తిప్పితే తెలిసిపోతుంది.

మొదటిది పొద్దుటి బిగువు. నిద్ర లేచిన టైము రాయండి, వేళ్లు సడలి పిడికిలి ముడవగలిగిన టైము రాయండి. మధ్యలో ఎన్ని నిమిషాలో అదే లెక్క. అరుగుదల నొప్పిలో ఈ బిగువు సాధారణంగా అరగంటలోపే పోతుంది. రుమటాయిడ్ ఉధృతంగా ఉంటే గంట, రెండు గంటలు కూడా పడుతుంది. "పొద్దున్నే పట్టేస్తున్నాయండీ" అంటే డాక్టరుకి ఏమీ అర్థం కాదు. "పోయిన నెల 30 నిమిషాలు, ఇప్పుడు 90 నిమిషాలు" అంటే వెంటనే అర్థమవుతుంది.

రెండోది రెండు అంకెలు. నొప్పి ఎంత, సున్నా నుంచి 10 వరకు. జబ్బు మొత్తమ్మీద ఎలా ఉంది, అదీ సున్నా నుంచి 10 వరకు. డాక్టర్లు వాడే ర్యాపిడ్-3 అనే ప్రశ్నపత్రంలో కూడా ఈ రెండూ ఉంటాయి. మూడో భాగం రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నారన్నది. ఒక్కో పనికీ ఇబ్బంది లేకపోతే 0, కొంచెం ఉంటే 1, బాగా ఉంటే 2, చేయలేకపోతే 3. ఆ పనుల అంకెల్ని 10కి కుదించి, మూడు భాగాలూ కలిపితే మొత్తం 30కి లెక్క. 12 దాటితే జబ్బు ఉధృతంగా ఉన్నట్టు, 3 లోపు ఉంటే దాదాపు అణిగినట్టు. ఆ పత్రం మీ డాక్టరు ఇస్తే అదే నింపండి.

దాంతో పాటు మన ఇంటి పనుల పట్టిక ఒకటి పెట్టుకోమని చెప్తాను. ఎందుకంటే "పనులు చేసుకోగలుగుతున్నారా?" అంటే మా అమ్మ జవాబు ఎప్పుడూ "ఆ, చేసుకుంటున్నా"నే. కానీ నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగాను. రవికె హుక్కులు పెట్టుకుంటున్నావా? కుచ్చిళ్లకి పిన్నీసు పెట్టుకోగలుగుతున్నావా? జడ నువ్వే వేసుకుంటున్నావా? నీళ్లు నిండిన చెంబు ఒక చేత్తో ఎత్తుతున్నావా? తడిబట్ట పిండుతున్నావా? మిక్సీ జార్ మూత తిప్పుతున్నావా? వెల్లుల్లి పొట్టు తీస్తున్నావా? ముద్ద కలుపుకుని నోటిదాకా తీసుకెళ్తున్నావా? కింద కూర్చుని చెయ్యి ఆసరా లేకుండా లేస్తున్నావా? జడ దగ్గర ఆగిపోయింది. రెండు నెలలుగా పక్కింటి అక్క వేస్తోందట, నాకు తెలియదు. భుజాలు పైకి లేవడం లేదన్న సంగతి అలా బయటపడింది. "పర్లేదు" అనే మనిషి దగ్గర నిజం కావాలంటే ఇలా పని పేరు చెప్పి అడగండి. ఆమె నింపిన అంకెల్ని పోయిన నెల అంకెలతోనే పోల్చండి, ఇంకొకరి అంకెలతో కాదు.

నొప్పికి పేరు కూడా రాయండి. సలుపు, పోటు, మంట, లాగడం, తిమ్మిరి వేరు వేరు. రాత్రి నిద్రలోంచి లేపే సలుపు వేరు, నడిస్తే వచ్చి కూర్చుంటే పోయే నొప్పి వేరు. మన డాక్టరుకి తెలుగొస్తే ఈ మాటలే వాడండి, "పెయిన్" అని కుదించేయకండి.

కీళ్లు నొక్కి చూడటం

నోట్‌బుక్‌లో రెండు చేతులూ ఆనించి చుట్టూ పెన్నుతో గీత గీయండి. చిన్నప్పుడు గీసుకున్నట్టే. కణుపు కణుపుకీ ఒక సున్నా పెట్టండి. డాక్టర్లు మామూలుగా లెక్కపెట్టేది 28 కీళ్లు: భుజాలు రెండు, మోచేతులు రెండు, మణికట్లు రెండు, వేళ్లు అరచేతిని కలిసేచోట పది, వేళ్ల నడిమి కణుపులు పది (బొటనవేలికైతే దానికున్న ఒక్క కణుపు), మోకాళ్లు రెండు. పాదాలు ఈ లెక్కలో లేవు. అందుకే పాదాల నొప్పి గురించి ఎవరూ అడగరు, మనమే గుర్తు పెట్టుకుని చెప్పాలి.

మీ బొటనవేలితో కీలు మీద నొక్కండి. మీ గోరు చివర తెల్లబడేంత ఒత్తిడి చాలు, అంతకంటే వద్దు. నొప్పి ఉంటే సున్నాలో చుక్క పెట్టండి. వాపు కోసం రెండు బొటనవేళ్లతో రెండు పక్కలా మెల్లగా తడమండి. నీళ్లు నింపిన బెలూన్‌లా మెత్తగా తగిలితే అది కీలు లోపలి వాపు, ఆ సున్నాని పూర్తిగా నింపండి. రాయిలా గట్టిగా ఉంటే ఎముక పెరుగుదల కావచ్చు, "గట్టిగా ఉంది" అని పక్కన రాయండి. మన ఒంటి రంగుకి ఎర్రదనం అంత స్పష్టంగా కనపడదు, కాబట్టి చేతి వెనక భాగంతో తాకి రెండు వైపులా వేడి పోల్చి చూడండి. మొదటి రెండుసార్లు తప్పులు వస్తాయి. తర్వాత నేరుగా వెళ్లినప్పుడు డాక్టరు ముందే నొక్కి చూపించండి, ఎలా చేయాలో సరిదిద్దుతారు. మాకు మూడోసారికి లెక్కలు దాదాపు కలిశాయి.

ఫొటోలు

పొద్దున్న లేవగానే తీయండి. వాపు అప్పుడే ఎక్కువ కనిపిస్తుంది, సాయంత్రం కాల్ సమయానికి తగ్గిపోయి ఉంటుంది. కిటికీకి ఎదురుగా, ముదురు రంగు దుప్పటి మీద రెండు చేతులూ పక్కపక్కన పెట్టి నాలుగు ఫొటోలు చాలు: అరచేతులు కిందికి, అరచేతులు పైకి, పిడికిలి, పక్కనుంచి. మోకాళ్లయితే రెండూ ఒకే ఫొటోలో రావాలి. ఫ్లాష్ వద్దు. ఫిల్టర్ అసలు వద్దు.

గాజులు, ఉంగరాలు తీయండి. ఉంగరం రాకపోతే అదీ చెప్పండి, అది కూడా వాపు గుర్తే. ఆ వారం గోరింటాకు పెట్టుకోవద్దు. అట్లతద్దికి అమ్మ పెట్టుకున్న గోరింటాకు వల్ల ఒకసారి వేళ్ల ఎరుపు ఏది జబ్బుదో ఏది ఆకుదో డాక్టరుకి తెలియలేదు. పసుపు, నొప్పి బామ్‌లు కూడా రంగు మారుస్తాయి. చర్మం మీద దద్దుర్లు, నోటిపూత, జుట్టు రాలిన చోట ఉంటే వాటి ఫొటోలూ తీసి, తేదీ రాసి పెట్టుకోండి. కాల్ రోజుకి అవి మాయమైపోతాయి.

రక్తపరీక్షలు ముందే

కాల్ అయ్యాక పరీక్షలు చేయిస్తే ఇంకో కాల్ పెట్టుకోవాలి. కాబట్టి మూడు నాలుగు రోజుల ముందే డాక్టరు రాసినవి చేయించి రిపోర్టు పంపండి. మెతోట్రెక్సేట్, లెఫ్లునోమైడ్ అనే కీళ్లవాతం మందులు వాడేవాళ్లకి రక్తకణాల లెక్క, కాలేయం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) పరీక్షలు తప్పనిసరి. మందు మొదలుపెట్టిన కొత్తల్లో, మోతాదు పెంచినప్పుడు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, స్థిరపడ్డాక రెండు మూడు నెలలకోసారి చేయించాలి. ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు జబ్బు ఉధృతి చెప్తాయి. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయిస్తే అంకెలు పోల్చుకోవచ్చు. జబ్బేంటో తేల్చడానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు మాత్రం ఒకసారి తేలాక ప్రతిసారీ చేయించాల్సిన పనిలేదు, ఆ డబ్బులు మిగుల్చుకోండి.

ఫోన్ కాల్ తేలికైపోయింది కదా అని పరీక్షలు వదిలేయడం నేను చూసిన పెద్ద ప్రమాదం. మనిషి బాగానే కనిపిస్తారు, కాలేయం మాత్రం లోపల దెబ్బతింటూ ఉంటుంది.

మందుల బుట్ట

ఒక బుట్టలో ఇంట్లో వేసుకునే అన్ని మందులూ పెట్టండి. రుమటాలజిస్టు రాసినవే కాదు. బీపీ, షుగర్ మాత్రలు, గ్యాస్ మాత్రలు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చినవి, పొట్లంలో కట్టిచ్చిన చూర్ణాలు, అన్నీ. పేరు లేని పొడులు, మాత్రల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దగ్గర కొత్తేమీ కాదు. "వేసుకున్న రెండో రోజుకే లేచి నడిచింది" అన్న మందు మీద అనుమానం పెట్టుకోండి, కానీ అకస్మాత్తుగా మానేయకండి. ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడ్ ఒక్కసారి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరుకి చెప్పి, ఆయన చెప్పినట్టు తగ్గించాలి. నొప్పి మాత్రలు ఎన్ని వేసుకున్నారో దాచొద్దు, అవి కిడ్నీనీ కడుపునీ దెబ్బతీస్తాయి.

ఇప్పుడు మెతోట్రెక్సేట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇది కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. ఫోన్‌లో రాసిన చీటీ చదువుకుని రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. మా ఇంట్లో ఆ అంచుదాకా వెళ్లాం. వీడియో కాల్ అయ్యాక చీటీ ఫోన్‌కి వచ్చింది, మెడికల్ షాపు అబ్బాయి స్ట్రిప్ మీద అలవాటుగా "రాత్రి 1" అని రాసిచ్చాడు. అమ్మ రెండు రాత్రులు వరసగా వేసుకుంది. మూడో రాత్రి నేను చూసి ఆపి, డాక్టరుకి ఫోన్ చేసి, మర్నాడే రక్తపరీక్ష చేయించాం. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

ఆ రోజు నుంచి మా పద్ధతి ఇది. వారం పేరు తెలుగులో పూర్తిగా రాస్తాం. అమ్మకి శనివారం ఒంటిపొద్దు ఉంటుంది కాబట్టి ఆ రోజు పెట్టుకోలేదు. ఆదివారం రాత్రి భోజనం అయ్యాక అని నిర్ణయించుకున్నాం. ఆ స్ట్రిప్‌ని మిగతా మందులతో కలపకుండా వేరే డబ్బాలో పెట్టి, మూత మీద "ఆదివారం మాత్రమే" అని మార్కర్‌తో రాశాం. వేసుకోగానే అమ్మ క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుడుతుంది. దీనికి తోడుగా ఇచ్చే విటమిన్ మాత్ర ఫోలిక్ యాసిడ్ వేరే రోజున. ఈ రెండు మందుల్లో కొన్ని బ్రాండ్ల పేర్లు ఒకేలా మొదలవుతాయి, కాబట్టి కొత్త స్ట్రిప్ తెచ్చినప్పుడల్లా కెమెరా ముందు పెట్టి "ఇదే కదా అమ్మా?" అని డాక్టరుని అడగండి. నోటిపూత, జ్వరం, ఒంటి మీద నల్ల మచ్చలు వస్తే తర్వాతి డోసు వేయకుండా అదే రోజు డాక్టరుని అడగండి. ఇంకెవరైనా డాక్టరు యాంటీబయాటిక్ రాస్తే "మెతోట్రెక్సేట్ వాడుతున్నాం" అని తప్పకుండా చెప్పండి. కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీనితో కలిస్తే చాలా ప్రమాదం.

పెళ్లి కావాల్సిన, పిల్లల్ని కనాల్సిన ఆడపిల్లలు ఈ మందు మీద ఉంటే డాక్టరుతో ఆ విషయం మాట్లాడే తీరాలి. మెతోట్రెక్సేట్, లెఫ్లునోమైడ్ గర్భానికి హాని చేస్తాయి. గర్భం అనుకునే ముందే మార్చుకోవాలి, సురక్షితమైన మందులు వేరే ఉన్నాయి. వీడియో కాల్‌లో ఈ మాట రాదు, ఎందుకంటే గదిలో అత్తగారో నాన్నగారో నిలబడి ఉంటారు. ఆ పిల్లకి ఫోన్ ఇచ్చి, తలుపు దగ్గరకి వేసి, మీరు ఐదు నిమిషాలు బయటికి రండి.

బయోలాజిక్ ఇంజెక్షన్ ఇంట్లో వేసుకునేవాళ్లు దాన్ని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో కాదు. మొదటిసారి నర్సు ముందే వేసుకోండి. తర్వాత ఒకట్రెండుసార్లు వీడియోలో నర్సు చూస్తుండగా వేసుకుంటే భయం పోతుంది.

కాల్ రోజు

అమ్మని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి, వెలుగు మొహం మీద పడాలి. చేతుల్లేని కుర్చీ, వదులుగా ఉండే నైటీ. ఫోన్‌ని స్టీలు డబ్బాకి ఆనించి ఛాతీ ఎత్తులో పెట్టండి, ఇంకొకరు పక్కన ఉంటే నడక చూపించేటప్పుడు పట్టుకుంటారు. టీవీ, ఫ్యాను ఆపండి. నోట్‌బుక్, మందుల బుట్ట, రిపోర్టులు, పెన్ను పక్కనే ఉండాలి. వీడియో తెగిపోతే మామూలు ఫోన్‌లో కొనసాగిద్దామని ముందే అనుకోండి. ఫొటోలు ముందే పంపి ఉంటారు కాబట్టి పెద్ద నష్టం ఉండదు.

మొదటి నిమిషంలోనే అసలు విషయం చెప్పేయండి. "పోయిన కాల్ తర్వాత బిగువు 30 నుంచి 90 నిమిషాలైంది, వాచిన కీళ్లు రెండు నుంచి ఆరు, జడ వేసుకోలేకపోతోంది, మందు ఒక్క వారం మిస్ అయింది." ఇంతే. చరిత్రంతా చెప్పుకుంటూ వస్తే అసలు మాట చివరి నిమిషంలో వస్తుంది.

డాక్టరు కదలికలు చూపించమంటారు. ముందే ఒకసారి సాధన చేయిస్తే కంగారుండదు. చేతులు చాపి వేళ్లు విప్పడం, పిడికిలి బిగించడం, నమస్కారం పెట్టి మోచేతులు పక్కలకి లేపడం. అరచేతులు ఒకదానికొకటి ఆనకపోతే మణికట్టు బిగిసిందని తెలుస్తుంది. తర్వాత రెండు చేతులూ తల వెనక్కి, ఆపైన రవికె హుక్కు పెట్టుకునేటట్టు వీపు వెనక్కి. మెడ అటూ ఇటూ. కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేవడం, ఐదడుగులు నడిచి తిరిగి రావడం. చివర్లో పాదాలు, మడమలు. ఎక్కడ నొప్పొస్తే అక్కడ ఆగిపోవాలి. ఫోన్ ముందు పౌరుషానికి పోయి చేసి చూపించడం వద్దని అమ్మకి నేను ప్రతిసారీ చెప్తాను.

పెద్దవాళ్లతో డాక్టరు నేరుగా మాట్లాడాలి. మనం మధ్యలో దూరి జవాబులు చెప్పకూడదు. వాళ్లు మరిచిపోయినవి మాత్రం చివర్లో చేర్చండి. నిద్ర, ఆకలి, దిగులు గురించి కూడా అడగనివ్వండి. ఏళ్ల తరబడి నొప్పి భరించే మనిషి మనసు కుంగడం సహజం. దానికి ప్రభుత్వ ఉచిత టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

ఫోన్ పెట్టేముందు మీరు విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పండి: "అంటే ఆదివారం మాత్ర 10 నుంచి 15 మిల్లీగ్రాములు, నాలుగు వారాలకి రక్తపరీక్ష, మిగతావి అవే, అంతేనా అమ్మా?" సగం పొరపాట్లు ఇక్కడే దొరికిపోతాయి.

కాల్ అయ్యాక

చీటీ వచ్చిందో లేదో చూడండి. అందులో అమ్మ పేరు, వయసు, తేదీ, డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నోటితో చెప్పిన మార్పు చీటీలో లేకపోతే వెంటనే అడగండి. ప్రింటు తీయించి ఫైల్లో పెట్టండి, ఫోన్ పోతే చరిత్ర పోకూడదు. ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, ఆభా, ఉంటే రిపోర్టులు అందులోనూ దాచుకోవచ్చు. తర్వాతి పరీక్ష తేదీ, తర్వాతి కాల్ తేదీ క్యాలెండర్ మీద అప్పుడే రాసేయండి. ఫిజియోథెరపీ వ్యాయామాలు వీడియోలో బాగా కుదురుతాయి. మా అమ్మ పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టి వేళ్లు ముడిచి విప్పడం అలాగే నేర్చుకుంది.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లు దగ్గర్లోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో, తెలంగాణలో అయితే పల్లె దవాఖానా, బస్తీ దవాఖానాలో ఈ-సంజీవని గురించి అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉచిత సేవ అది. అక్కడి సిబ్బంది తమ కంప్యూటరు నుంచి పెద్దాసుపత్రి డాక్టరుని వీడియోలో కలుపుతారు. ఇలా ఆరోగ్య కేంద్రాల నుంచి డాక్టరుని కలిపే పద్ధతిని 2019 నవంబరులో మొదట అమలుచేసింది ఆంధ్రప్రదేశే. ప్రతిసారీ రుమటాలజిస్టే దొరుకుతారని అనుకోవద్దు. కానీ బీపీ, రక్తపరీక్షల ఫాలో-అప్‌కి, ఏ ఆసుపత్రికి వెళ్లాలో తేల్చుకోవడానికి ఉపయోగపడుతుంది. అదే నోట్‌బుక్ అక్కడికీ తీసుకెళ్లండి.

పిల్లలు అమెరికాలో ఉంటే వాళ్లని కూడా కాల్‌లో కలపొచ్చు. ఇక్కడ పొద్దున్న తొమ్మిదిన్నరంటే డాలస్‌లో ముందురోజు రాత్రి పది, పదకొండు. అయితే ముందే ఒక మాట అనుకోండి: కాల్‌లో మాట్లాడేది పక్కన ఉన్న మనిషి, దూరంగా ఉన్నవాళ్లు ప్రశ్నలు ముందుగా రాసి పంపాలి. పదిహేను నిమిషాల్లో అన్నాచెల్లెళ్లు వాదించుకుంటే అమ్మ కీళ్లు చూసే టైము ఉండదు.

ఆరు నెలలకి ప్రయాణం

వెళ్లే ముందు రోజు నోట్‌బుక్‌లోంచి ఒక్క పేజీకి సారాంశం రాయండి: బిగువు నిమిషాలు, వాచిన కీళ్లు, నెలవారీ రిపోర్టు అంకెలు వరసగా. ఫోన్‌లో చేయలేనివన్నీ ఆ రోజుకి దాచుకోండి. కీళ్లు చేత్తో చూడటం, ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్, కీల్లో ఇంజెక్షన్, ఊపిరితిత్తులు వినడం, బరువు, టీకాల లెక్క. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే కీళ్లవాతం మందు వాడేవాళ్లకి మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా కంటి రెటీనా పరీక్ష కావాలి. కిడ్నీ సమస్య ఉంటే ఇంకా ముందే. దానికి అపాయింట్‌మెంట్ అదే రోజు మధ్యాహ్నానికి తీసుకోండి, ఒక బస్సు ప్రయాణంలో రెండు పనులూ అయిపోతాయి.